ఇంటివారెవరు? వచ్చినవారెవరు?

'హోస్ట్' అనే మాట మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. టీవీలో రియాలిటీ షో నడిపే హీరో హోస్ట్. ప్రపంచకప్ జరిపే దేశం హోస్ట్. ఇంగ్లిష్ మీడియం పిల్లవాడి జీవశాస్త్రం పుస్తకంలో దోమ కూడా హోస్టే. కంప్యూటర్ రిపేరు కుర్రాడి నోట రోజుకు పదిసార్లు దొర్లేదీ ఆ మాటే. ఎక్కడ పడేసినా సర్దుకుపోతుంది. కానీ దాన్ని స్పానిష్‌లోకి మార్చమని అడగండి. ఆ భాష బాగా తెలిసినవారెవరూ చటుక్కున జవాబు చెప్పరు. 'ఎక్కడి హోస్టు?' అని ముందు ఎదురుప్రశ్న వేస్తారు.

వేయక తప్పదు మరి. భోజనానికి పిలిచినవారికి ఒక మాట, టీవీ తెరమీద కనిపించేవారికి ఇంకో మాట, రోగక్రిమిని మోసే ఒంటికి వేరే మాట. ఒకటి వాడాల్సిన చోట మరొకటి వాడితే ఇంటాయన కాస్తా చుట్టమైపోతాడు. అన్నిటికీ మించిన ప్రమాదం ఏమిటంటే, ఇంగ్లిష్ మాటను పోలి ఉంది కదా అని 'ఒస్తియా' అన్నారో, నలుగురిలో నాలిక్కరుచుకోవాలి. ఆ సంగతి తర్వాత.

ముందుగా విందు ఇచ్చేవారి సంగతి. స్పానిష్‌లో వారిని 'అన్‌ఫిత్రియోన్' అంటారు. ఆడవారైతే 'అన్‌ఫిత్రియోనా'. ఇది మామూలు నామవాచకం కాదు, ఒక మనిషి పేరు. గ్రీకు పురాణాల్లో యాంఫిట్రియాన్ అనే సేనాని ఉన్నాడు. థీబ్స్ నగరంలో కాపురం. భార్య పేరు ఆల్క్‌మెనె, మహా సౌందర్యవతి. సేనాని యుద్ధానికి వెళ్లాడు, గెలిచాడు, తిరుగుదారి పట్టాడు. అతడు ఇల్లు చేరేలోగా దేవతల రాజు జ్యూస్ అచ్చం యాంఫిట్రియాన్ రూపంలో ఆ ఇంటికి వచ్చాడు. మొగుడే యుద్ధం గెలిచి వచ్చాడనుకుని ఆల్క్‌మెనె సంతోషంగా ఎదురేగింది. ఆ రాత్రి తొందరగా తెల్లవారకుండా జ్యూస్ కాలాన్నే సాగదీశాడని కూడా కథ.

ఇక్కడిదాకా చదివేసరికి గౌతముడి ఆశ్రమం, కోడి కూత, ఇంద్రుడు గుర్తుకు రాని తెలుగువారుండరు. పోలిక నిజంగానే గట్టిది. దేవతల రాజు, మొగుడి వేషం, ఇంట్లో లేని మొగుడు. తేడా ముగింపులో ఉంది. మనవాళ్ల కథలో శాపాలున్నాయి, రాయిగా పడి ఉండటాలున్నాయి. పైగా వాల్మీకి అహల్యకు వచ్చినవాడెవడో తెలుసు. ఆల్క్‌మెనెకు తెలియదు. గ్రీకుల కథలో శాపం లేదు. కవలలు పుట్టారు. జ్యూస్ కొడుకు హెరాక్లీస్, అంటే మనం హెర్క్యులిస్ అనేవాడు. రెండోవాడు మొగుడి కొడుకు ఇఫిక్లీస్. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల బిడ్డలు.

ఇంత బరువైన కథను రోమన్లు నవ్వులాటగా మార్చారు. క్రీస్తుకు పూర్వమే ప్లాటస్ అనే నాటకకర్త దీన్ని రంగస్థలం ఎక్కించాడు. దేవుడు ఒంటరిగా రాలేదట, తోడుగా మెర్క్యురీని తెచ్చుకున్నాడు. ఆ మెర్క్యురీ సేనాని బానిస అయిన సోసియా వేషం కట్టి గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నాడు. అసలు సోసియా వచ్చాడు. 'నేను సోసియాను' అన్నాడు. 'నువ్వెలా అవుతావు, సోసియాను నేను' అని వీడు వాడిని చితకబాదాడు. చివరికి తాను తానేనా అన్న అనుమానం సోసియాకే పట్టుకుంది. తర్వాత యజమాని వచ్చాడు. అతనికీ అదే మర్యాద. సొంత ఇంటి తలుపు మూసుకుపోయింది. లోపల ఇంకొకడు తన పేరుతో, తన ముఖంతో దర్జాగా ఉన్నాడు. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో మొగుడిని బయట నిలబెట్టి లోపల భోజనం నడిపించిన ఘట్టం ఇక్కడినుంచి తెచ్చుకున్నదే. ఆ నాటకమే తిరిగి తిరిగి మన దేశానికొచ్చి 1982లో గుల్జార్ చేతిలో 'అంగూర్' సినిమా అయింది.

1668లో ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ ఇదే కథను మళ్లీ రాశాడు. చివర్లో చిక్కుముడి పడింది. ఒకే పోలికతో ఇద్దరు సేనానులు ఎదురెదురుగా నిలబడ్డారు. చూసేవాళ్లకు ఎవరు అసలో ఎవరు నకిలీయో తేలడం లేదు. ఇంతలో ఇద్దరిలో ఒకడు అందర్నీ భోజనానికి రమ్మన్నాడు. పాపం, పొద్దుటినుంచి దెబ్బలు తప్ప మెతుకు ఎరుగని నౌకరు సోసీకి ఆ క్షణంలో జ్ఞానోదయమైంది. ఎవరింట్లో భోజనం దొరుకుతుందో అతడే అసలైన యాంఫిట్రియాన్ అని తేల్చేశాడు. హాలు హాలంతా నవ్వింది. ఆ నవ్వులోంచి ఫ్రెంచిలో ఒక మాట పుట్టింది. బాగా పెట్టిపోసేవాడు యాంఫిట్రియాన్. అక్కడినుంచి అది స్పానిష్ దాకా వచ్చింది. పనిలోపనిగా నౌకరు పేరు కూడా వెంట వచ్చింది. ఒకరిని అచ్చుగుద్దినట్టు పోలిన మరొకరిని స్పానిష్‌లో 'సొసియస్' అంటారు. మన సినిమావాళ్లు 'డూప్' అన్నట్టు.

ఒక్క క్షణం ఆగి చూస్తే ఇది ఎంత చిత్రమైన పేరో అర్థమవుతుంది. సొంత ఇంట్లోకి అడుగు పెట్టనివ్వని మనిషి పేరు ఇంటికి పిలిచి అన్నం పెట్టేవారందరికీ ఖాయమైపోయింది. పైగా మోలియేర్ నాటకంలో ఆ భోజనానికి పిలిచినవాడు అసలు మొగుడు కూడా కాదు, వేషం వేసుకొచ్చిన దేవుడు!

ఈ చరిత్రంతా ఇప్పుడెవరికీ గుర్తులేదు. పత్రికల్లో ఆటల పేజీ నిండా ఆ మాటే. 'పయీస్ అన్‌ఫిత్రియోన్' అంటే ఆతిథ్య దేశం. 1930లో ఉరుగ్వే, 1962లో చిలీ, 1978లో అర్జెంటీనా, 1982లో స్పెయిన్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అన్‌ఫిత్రియోన్లు. మెక్సికోకు 1970లో, 1986లో ఆ గౌరవం దక్కింది. మూడోది 2026, అదీ అమెరికా, కెనడాలతో కలిసి. దేశాలకు ఇలా గంభీరంగా వాడే మాటనే పెళ్లిలో అతిథులను పలకరిస్తూ తిరిగే ఇంటావిడకూ వాడతారు. ఇంత వరకు పేచీ లేదు.

పేచీ టీవీ దగ్గర మొదలవుతుంది. కార్యక్రమం నడిపేవారిని స్పెయిన్‌లో 'ప్రెసెంతదోర్' అంటారు, అంటే పరిచయం చేసేవాడని. మెక్సికోలో, అర్జెంటీనాలో 'కొందుక్తోర్' అనడమూ మామూలే. ఆ మాటకు స్పెయిన్‌లో డ్రైవరని అర్థం. మెక్సికోలో ఊరూవాడా తెలిసిన టీవీ ప్రముఖుడు మాడ్రిడ్‌లో దిగి 'నేను కొందుక్తోర్‌ని' అంటే, 'ఏ బస్సుకు?' అని అడిగినా తప్పులేదు. మన చెవికైతే టికెట్లు కొట్టే ఆర్టీసీ కండక్టరే గుర్తొస్తాడు. ఒకే మాట మూడు చోట్ల మూడు ఉద్యోగాలు చేస్తోంది.

విమానంలో ఎయిర్‌హోస్టెస్ అన్నా హోస్టే కదా. ఆమెకు స్పెయిన్ పెట్టిన పేరు వెనుక ఇంకో ముచ్చట ఉంది. 'అసఫాతా' అంటారు. అరబ్బీలో 'సఫత్' అంటే బుట్ట. అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన శతాబ్దాల్లో వదిలివెళ్లిన వేల మాటల్లో అదొకటి. స్పానిష్‌లో అది తట్టగా మారింది. రాణిగారి అంతఃపురంలో నగలు, దుస్తులు ఆ తట్టలో పెట్టి అందించే పరిచారిక అసఫాతా. రాచరికాల వైభవంతో పాటే ఆ మాటా మూలపడింది. 1946లో ఐబీరియా విమాన సంస్థ మాడ్రిడ్ నుంచి బ్యూనస్ ఐర్స్‌కు వెళ్లే విమానాల్లో మొదటిసారి ఆడవాళ్లను నియమించుకున్నప్పుడు, వాళ్లకో మంచి పేరు కావలసి వచ్చింది. పాత పెట్టె తెరిచి ఈ మాటను దులిపి బయటికి తీశారు. రాణిగారి పరిచారిక ప్రయాణికుల పరిచారిక అయింది. తట్ట మాత్రం చేతిలో అలాగే ఉంది, అందులో నగలకు బదులు కాఫీ కప్పులు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఈ మాట అతకలేదు. వాళ్లకు వాళ్ల మాటలున్నాయి.

ఇవన్నీ తేలిక సంగతులు. అసలు చిక్కు 'వెస్పెద్' అనే మాటలో ఉంది. స్పానిష్‌లో రాసేటప్పుడు దీనికి ముందు 'హ' అక్షరం ఉంటుంది కానీ పలకరు. ఇవాళ హోటల్ బల్ల దగ్గర వెస్పెద్ అంటే బస చేయడానికి వచ్చినవాడు, అంటే అతిథి. కానీ ఈ మాటకు తల్లి అయిన లాటిన్ 'హోస్పెస్'కు రెండర్థాలూ ఉండేవి. వచ్చినవాడూ హోస్పెసే, చేర్చుకున్నవాడూ హోస్పెసే. ఫ్రెంచివారి 'ఓత్', ఇటలీవారి 'ఓస్పితే' ఇప్పటికీ ఆ రెండు అర్థాలనూ మోస్తున్నాయి. స్పానిష్ కూడా ఒకప్పుడు మోసింది. 1605లో వచ్చిన డాన్ కిహోటే నవల రెండో అధ్యాయంలో సెర్వాంతెస్ వెస్పెద్ అన్నది సత్రానికి వచ్చిన వీరుణ్ని కాదు, సత్రం నడిపే ఆసామిని.

ఆ ఘట్టం గుర్తున్నవారికి ఇందులోని తమాషా తెలుస్తుంది. కిహోటే కళ్లకు ఆ పూటకూళ్ల సత్రం కోటలా కనిపిస్తుంది, సత్రం ఆసామి కోట దొరలా కనిపిస్తాడు. సత్రమైతే డబ్బు చెల్లించాలి, కోట అయితే అక్కర్లేదు. మొదటి సత్రం ఆసామి చమత్కారి కనుక డబ్బు అడక్కుండానే పంపేశాడు. పైగా ఇకమీదట జేబులో డబ్బు పెట్టుకుని తిరగమని బుద్ధి చెప్పాడు. తర్వాత ఇంకో సత్రంలో ఇదే ధోరణి చూపించి వీరుడు గుర్రమెక్కి వెళ్లిపోయాడు. వెనక చిక్కిన సాంచో పాన్సాను అక్కడివాళ్లు దుప్పట్లో వేసి గాల్లోకి ఎగరేశారు. ప్రేమతో పెట్టేవాడూ వెస్పెదే, పైకం పుచ్చుకుని పెట్టేవాడూ వెస్పెదే అయినప్పుడు బాకీ ఎవరో ఒకరి వీపున పడక తప్పదు. 'పూటకూళ్లమ్మను లెక్కలోకి తీసుకోకుండా లెక్క వేసుకోవడం' అని స్పానిష్‌లో ఒక నానుడి ఇప్పటికీ ఉంది. మన ఊహలకు అడ్డొచ్చేవారిని మరచిపోయి గాల్లో మేడలు కట్టేవారిని అలా ఎద్దేవా చేస్తారు. ఆ నానుడిలోని పూటకూళ్లమ్మ 'వెస్పెదా'. పాత అర్థం ఆ ఒక్క మూలన ఇంకా కాపురం ఉంది.

అతిథి మూడో రోజుకు చేపలా కంపు కొడతాడని కూడా స్పానిష్‌వాళ్లకో సామెత. అందులోనూ వెస్పెద్ అనే మాటే, కానీ అక్కడ వచ్చినవాడని అర్థం.

ఇంటివాడికీ వచ్చినవాడికీ ఒకే మాట ఏమిటని మనకు వింతగా ఉండొచ్చు. లాటిన్ హోస్పెస్‌ను విప్పితే అందులో రెండు ముక్కలున్నాయంటారు భాషాశాస్త్రజ్ఞులు. రెండోది మన గృహపతిలో, సేనాపతిలో ఉన్న 'పతి'కి దూరపు చుట్టం. మొదటిది 'హోస్తిస్', పరాయివాడు. అంటే పరాయివాడిని ఏలుకునేవాడు. ఈ హోస్తిస్ రోమన్ల నోట మొదట పరదేశి, తర్వాత శత్రువు. మాట మారిందన్న సంగతిని సిసిరో తన కాలంలోనే రాసిపెట్టాడు. అదే మూలం నుంచి వచ్చిన మాట ఇంగ్లిష్‌లో 'గెస్ట్' అయింది. గుమ్మంలో నిలబడ్డ కొత్తవాడు అన్నం తిని దీవిస్తాడో, కత్తి దూస్తాడో తెలియని రోజుల్లో పుట్టిన మాటలివి. మన వైపు వ్యవహారం వేరు. తమిళంలో 'విరుందు' అంటే వచ్చిన అతిథీ, అతనికి పెట్టే భోజనమూ. దాని తెలుగు తోబుట్టువే మన 'విందు'. ఇక్కడ మాట వచ్చినవాడికీ విస్తరికీ మధ్య తిరిగింది. అక్కడ వచ్చినవాడికీ కత్తికీ మధ్య తిరిగింది.

ఇక వెస్పెద్ అనే మాట ఆసుపత్రిలో ఎలా అడ్డం తిరుగుతుందో చూడండి. పరాన్నజీవి ఏ జీవిలో కాపురం పెడుతుందో ఆ జీవిని మన తెలుగు పాఠ్యపుస్తకాలు 'ఆతిథేయి' అంటాయి. స్పానిష్ వైద్యులు, జీవశాస్త్రవేత్తలు దాన్ని వెస్పెద్ అనే అంటారు. హోటల్లో వెస్పెద్ అంటే అతిథి, ప్రయోగశాలలో వెస్పెద్ అంటే అతిథిని మోసేవాడు. ఈ గందరగోళం పడలేక కొందరు 'ఒస్పెదదోర్' అనే వేరే మాటను వాడమంటారు. వాడేవాళ్లు వాడుతున్నారు, పాత మాటా పోలేదు.

మలేరియానే తీసుకోండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. మలేరియా క్రిమి అక్కడ పెరుగుతున్నట్టు కనిపెట్టాడు. ఆ పనికి 1902లో నోబెల్ వచ్చింది. ఆ క్రిమి తన సంతానోత్పత్తిలో ముఖ్యమైన ఘట్టాన్ని, అంటే ఆడ మగ కణాల కలయికను, దోమ కడుపులోనే ముగిస్తుంది. అందుకని శాస్త్రం లెక్కలో దోమ 'ప్రధాన ఆతిథేయి', మనిషి 'మధ్యంతర ఆతిథేయి'. చలితో గజగజ వణికే మనిషి తనే ఆ క్రిమికి సొంతిల్లని అనుకుంటాడు. క్రిమి దృష్టిలో అతడు దారిలో తగిలే సత్రం. చుట్టమై వచ్చి దెయ్యమై పట్టడమంటే ఇదేనేమో.

దీనికన్నా బాధాకరమైన సందర్భం ఇంకొకటుంది. రక్త క్యాన్సర్ వంటి జబ్బుల్లో ఇంకొకరి ఎముక మజ్జను రోగికి ఎక్కిస్తారు. కొన్నిసార్లు ఆ కొత్త మజ్జనుంచి పుట్టిన రక్షణ కణాలు రోగి శరీరాన్నే పరాయిదనుకుని దాడి చేస్తాయి. చర్మం, పేగులు, కాలేయం దెబ్బతింటాయి. స్పానిష్ వైద్యుల కాగితంలో ఈ జబ్బుకు పేరు 'వెస్పెద్ మీద అంటు పోరు' అన్న అర్థం వచ్చేలా ఉంటుంది. ఇక్కడ వెస్పెద్ ఎవరు? రోగే. వైద్యం తెలియని బంధువు ఆ కాగితం చదివితే, ఆ మాటకు తనకు తెలిసిన రోజువారీ అర్థమే తీసుకుంటాడు. అంటే బతికించడానికి వచ్చిన మజ్జ ఇంటివాడయింది, పుట్టినప్పటినుంచి ఆ ఒంట్లో ఉన్న మనిషి చుట్టపుచూపుగా వచ్చినవాడయ్యాడు. డాక్టర్ల ఉద్దేశం అది కాదు. కానీ ఆసుపత్రి వరండాలో కాగితం పట్టుకుని కూర్చున్నవారికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

కంప్యూటర్లవాళ్ల దగ్గరికి వస్తే ఇదే మాట మళ్లీ పల్టీ కొడుతుంది. ఒక యంత్రంలో ఇంకో యంత్రాన్ని ఉత్తుత్తిగా నడిపించే పద్ధతి ఒకటుంది. బయటిది అన్‌ఫిత్రియోన్, లోపలిది వెస్పెద్. జీవశాస్త్రవేత్త చెప్పే వెస్పెద్ మోసేది, ఇంజనీరు చెప్పే వెస్పెద్ మోయించుకునేది. ఒకే ఇంట్లో అన్న డాక్టరు, తమ్ముడు ఇంజనీరు అయితే ఒకరి మాట ఒకరికి తిరగేసి అర్థమవుతుంది.

ఈ వరసలో అన్నిటికన్నా బరువైన మాట ఇంకా మిగిలి ఉంది. 'వెస్తె'. ఇదీ లాటిన్ హోస్తిస్‌కు పుట్టినదే. స్పానిష్‌లో అర్థం సేన, దండు. అమెరికా ఖండానికి వెళ్లిన స్పానిష్ దండులను చరిత్ర పుస్తకాలు ఆ మాటతోనే పిలుస్తాయి. వెస్పెద్, వెస్తె ఒకే ఇంటి బిడ్డలన్న సంగతిని 1519లో మెక్సికో తన ఒంటి మీద రాయించుకుంది.

ఆ ఏడాది నవంబరు 8న ఎర్నాన్ కొర్తేస్ కొన్ని వందల స్పానిష్ సైనికులతో, వేలాది త్లష్కలా యోధులతో సరస్సు నడుమ ఉన్న తెనోచ్తిత్లాన్ మహానగరం చేరాడు. చక్రవర్తి మొక్తెజుమా ఎదురొచ్చాడు. మెడలో హారాలు వేశాడు. తన తండ్రి అషయాకత్ల్ కట్టించిన భవనాన్ని బసకు ఇచ్చాడు. ఒక ప్రసంగం చేశాడు. ఆ ప్రసంగం కొర్తేస్ చెవికి చేరడానికి రెండు మెట్లు దిగాలి. మలించే అనే యువతి నహువా భాషనుంచి మాయా భాషలోకి మార్చింది. చాలా ఏళ్లు మాయావాళ్ల మధ్య చిక్కుకుపోయిన అగిలార్ అనే స్పెయిన్ వ్యక్తి మాయానుంచి స్పానిష్‌లోకి మార్చాడు. ఆ తర్వాతి ఏడాది కొర్తేస్ తన రాజుకు రాసిన లేఖలో ఆ ప్రసంగాన్ని పొందుపరిచాడు. ఈ దేశం మీది, ఈ ఇల్లు మీది అని మొక్తెజుమా రాజ్యాన్ని అప్పగించేశాడన్నట్టుగా అందులో ఉంది.

అప్పగించాడా? చాలామంది చరిత్రకారులు నమ్మరు. నహువా పెద్దమనుషుల మాటతీరులో వినయం ఎంత ఎక్కువైతే గౌరవం అంత ఎక్కువ. ఎదుటివాడిని ఎత్తి, తనను తగ్గించుకుని మాట్లాడటం గొప్పవారి లక్షణం. మన ఇళ్లలో 'మొహమాటపడకండి, ఇది మీ ఇల్లే అనుకోండి' అంటాం. విన్నవాడు మర్నాడు ఇంటి కాగితాలు తెమ్మంటే ఏం చేస్తాం? కొర్తేస్ తన లేఖలో తనకు కావలసిన అర్థమే రాసుకుని ఉండొచ్చు కూడా. రాజు అనుమతి లేకుండా బయల్దేరిన మనిషికి, రాజ్యం దానంతట అదే ఒళ్లో పడిందని రాయడం ఎంతో అవసరం.

వారం తిరిగేసరికి ఇంటివాడు బందీ అయ్యాడు. తన తండ్రి భవనంలోనే, తాను బస ఇచ్చినవాళ్ల కాపలాలో. థీబ్స్ సేనాని కథ నవ్వులాట. అతనికి చివర్లో తలుపు తెరుచుకుంది. మొక్తెజుమాకు తెరుచుకోలేదు. 1520 మే నెలలో కొర్తేస్ ఊళ్లో లేనప్పుడు అతని మనుషులు పండుగలో నాట్యమాడుతున్న నహువా ప్రముఖులను ఊచకోత కోశారు. నగరం తిరగబడింది. జూన్ చివర్లో మొక్తెజుమా చనిపోయాడు. సొంతవాళ్ల రాళ్ల దెబ్బలకని స్పానిష్‌వాళ్లు, స్పానిష్‌వాళ్లే చంపారని నహువాలు రాశారు. జూన్ 30 రాత్రి స్పానిష్ దండు చీకట్లో పారిపోయింది. మరుసటి ఏడాది తిరిగి వచ్చి ముట్టడి వేసింది. మశూచి అప్పటికే ఊరిని సగం తినేసింది. 1521 ఆగస్టు 13న నగరం కూలింది.

ఆ దేశమే 418 ఏళ్ల తర్వాత మళ్లీ గుమ్మంలో నిలబడింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో గెలిచాక, ఓడిన గణతంత్రవాదులు లక్షల్లో ఫ్రాన్స్ సరిహద్దు దాటి శిబిరాల్లో పడ్డారు. మెక్సికో అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ రమ్మన్నాడు. 'సినాయా' అనే ఓడ దాదాపు 1,600 మందితో 1939 జూన్ 13న వెరాక్రూజ్ రేవులో ఆగింది. కొర్తేస్ మజిలీ వేసిందీ ఆ తీరంలోనే. వెనక ఇంకా ఓడలు వచ్చాయి. మొత్తం మీద 20 వేల మందికి పైగా చేరారు. పండితుల కోసం 1938లోనే మెక్సికో నగరంలో ఒక సంస్థ పెట్టి ఉంచారు. దానికి పెట్టిన పేరు 'కాసా దె ఎస్పాన్యా', అంటే స్పెయిన్ ఇల్లు. రెండేళ్లకు అది ఎల్ కొలేహియో దె మెహికో అనే పేరు పొందింది, ఇవాళ లాటిన్ అమెరికాలో పేరున్న విద్యాసంస్థల్లో ఒకటి. అలా వచ్చినవారిలో హొసే గావోస్ అనే తత్వవేత్త ఉన్నాడు. తమను ప్రవాసులనడం అతనికి నచ్చలేదు. ఒక నేలనుంచి తీసి ఇంకో నేలలో నాటినవారని అర్థమొచ్చేలా 'త్రాన్స్‌తెర్రాదో' అనే కొత్త మాట చేశాడు. వెస్పెద్ అనలేదు. చుట్టపుచూపుకు వచ్చినవాళ్లు వెళ్లిపోవాలి కదా. వీళ్లలో చాలామంది వెళ్లలేదు. ఫ్రాంకో ప్రభుత్వాన్ని మెక్సికో చివరిదాకా గుర్తించలేదు. ఫ్రాంకో పోయాక, 1977లో గానీ రెండు దేశాల మధ్య రాయబారులు తిరగలేదు.

మొదట దాటవేసిన 'ఒస్తియా' సంగతి. చర్చిలో పూజ వేళ భక్తుల నాలుక మీద పెట్టే పలుచని రొట్టెబిళ్ల అది. లాటిన్‌లో బలిపశువని అర్థం. ఇంగ్లిష్‌లో దాన్ని కూడా హోస్ట్ అంటారు. అంత పవిత్రమైన మాటను స్పెయిన్ జనం నోట వినాలంటే చర్చికే వెళ్లనక్కర్లేదు. కాలికి రాయి తగిలినా, బస్సు తప్పిపోయినా, ఫుట్‌బాల్ చూస్తూ గోల్ పోయినా అదే మాట, తిట్టుగా. చెంపదెబ్బకూ అదే పేరు. కనుక స్పానిష్ నేర్చుకుంటున్నవారు ఎవరింటికైనా భోజనానికి వెళ్లి ఆ ఇంటివారిని ఒస్తియా అని పిలిస్తే, ఆ రెండోది తగలకుండా బయటపడటం ఆ ఇంటివారి మర్యాద మీద ఆధారపడి ఉంటుంది.

ఇంటివాడు, వచ్చినవాడు అన్న ఆటను మెక్సికోలో ఏటా నిజంగానే ఆడతారు. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు. పండుగ పేరు 'పొసాదా', అంటే బస. నిండు గర్భిణి మేరీతో జోసెఫ్ బెత్లెహేములో ఇంటింటి తలుపు తట్టిన సంగతికి గుర్తుగా వీధిలోనివాళ్లు రెండు జట్లవుతారు. ఒక జట్టు కొవ్వొత్తులు పట్టుకుని చలిలో బయట నిలబడుతుంది. ఇంకో జట్టు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. బయటివాళ్లు చోటివ్వమని పాడతారు. దొంగలేమో, తీయం పొమ్మని లోపలివాళ్లు పాడతారు. భార్య అలసిపోయిందని వీళ్లు, నిద్ర చెడగొట్టొద్దని వాళ్లు. అలా చాలాసేపు నడుస్తుంది. పిల్లలు చలికి ఒకరినొకరు తోసుకుంటుంటారు, కొవ్వొత్తి మైనం చేతుల మీద కారుతుంటుంది. లోపలినుంచి వేడి పళ్ల కషాయం వాసన వస్తుంటుంది. తర్వాత గడియ తీసిన చప్పుడవుతుంది. అందరూ ఒకేసారి లోపలికి దూరతారు. మర్నాడు ఇంకో ఇల్లు. నిన్న లోపల నిలబడి పొమ్మన్నవాళ్లు ఆ రాత్రి కొవ్వొత్తి పట్టుకుని వీధిలో ఉంటారు.